అమ్మ వైపు వరస

మొన్న మధ్యాహ్నం ఖమ్మం బస్టాండులో నిలబడి ఉన్నాను. ఎవరో చేపల వ్యాపారి థర్మాకోల్ డబ్బాలు బస్సు పైకి ఎక్కిస్తుంటే ఒక డబ్బా మూల పగిలి, కరిగిన ఐసు నీళ్లు జారి నా చెప్పుల మీద పడ్డాయి. పక్కనున్న ఆవిడ ముక్కు మూసుకుని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది. నాకు మాత్రం ఆ నీచు వాసన తగలగానే నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్లు మా ఆసుపత్రి నుంచి పరీక్షలకు హైదరాబాద్ వెళ్లిన రక్తం సీసాలు చేపల మార్కెట్ ఐసులోనే వెళ్లాయి. పొద్దున్నే దొరికే ఐసు అదొక్కటే మరి. అక్కడి ల్యాబు వాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, మీరు పంపింది రక్తమా, కొర్రమీనా?" అని ఎగతాళి చేస్తే మా షహనాజ్ మేడమ్ తొణక్కుండా, "ఏదైతేంది సార్, రెండిట్లా మైటోకాండ్రియా ఉంటయ్ గదా, చూస్కోండ్రి" అనేవారు. మేడమ్ పోయి ఏడాది కావస్తోంది. తడిసిన చెప్పులతోనే బస్సెక్కి, దారి పొడుగునా ఆవిడ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మీరు ఆవిడను చూసి ఉండరు. చూసినా, ఇంత చదువుకున్న మనిషని అనుకొని ఉండరు. పొట్టిగా, భుజాన గుడ్డసంచితో, బజారులో వంకాయలు ఏరుకునే పిన్నిలా ఉండేవారు. ఖమ్మం పాత బజారులో టార్చిలైట్లు, స్టవ్వులు, గొడుగులు బాగుచేసే దుకాణం వాళ్ల నాన్నది. ఆవిడ హైదరాబాద్‌లో మైటోకాండ్రియా మీద పరిశోధన చేసి, డాక్టరేట్ తెచ్చుకుని, మళ్లీ ఖమ్మమే వచ్చేశారు. ఒక ఆసుపత్రి మేడ మీద రెండు గదులు అడిగి తీసుకుని, వంశంలో వచ్చే జబ్బుల కోసం ఒక చిన్న విభాగం పెట్టారు. డాక్టరమ్మ అనగానే పల్లెల్లో జనం జలుబుకీ, నడుమునొప్పికీ మందులు అడిగేవాళ్లు. "నేను గోలీలిచ్చే డాక్టర్‌ను కాదవ్వా, రోగం యాడికెళ్లి వచ్చిందో ఎతికే డాక్టర్‌ను" అని చెప్పి, సంచిలోంచి ఒక జలుబు బిళ్ల తీసి ఇచ్చేవారు. ఇక 'సెల్లు' అంటే ఊళ్లో పెద్దవాళ్లకు టార్చిలైటులో వేసేది, కుర్రాళ్లకు జేబులో ఉండేది. 'కణం' అంటే ఇద్దరికీ అయోమయమే. మేడమ్ ఎవరినీ సరిదిద్దేవారు కాదు. "మా అబ్బా దుకాణంల సెల్లే అమ్మిండు, నేను సెల్లే సదివిన. ఖాందాన్ ధంధా ఇడిశిపెట్టలే" అని నవ్వేవారు.

నేను ఆ విభాగంలో ఉద్యోగానికి టేకులపల్లి నుంచి వెళ్లాను. డిగ్రీ అయింది, ల్యాబు టెక్నీషియన్ కోర్సు అయింది, ఇంట్లో ఖాళీగా కూర్చుని అమ్మ చేత తిట్లు తినడం కూడా అయింది. ఇంటర్వ్యూలో మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "మైటోకాండ్రియా అంటే ఏంది?" నేను తడుముకోకుండా, "కణానికి శక్తి కేంద్రం మేడమ్" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కరెంటు ప్లాంటు ఉన్న జిల్లా కెళ్లి వచ్చినోళ్లంతా గిదే మాట చెప్తరు. సరే, ఆ ప్లాంటు సతాయిస్తే ఎవరింట్ల ముందు చీకటైతది?" అన్నారు. ఆవిడ కాసేపు చూసి, "పోనీ, స్కూటీ నడుపొస్తదా? మట్టిరోడ్ల మీద?" అని అడిగారు. వస్తుందన్నాను. ఉద్యోగం నాకు చదువు వల్ల వచ్చిందా, స్కూటీ వల్ల వచ్చిందా అని తర్వాత చాలాసార్లు అడిగాను గానీ ఆవిడ ఎప్పుడూ తేల్చి చెప్పలేదు.

ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నెలల తరబడి, జీపుల్లోనూ టీ బడ్డీల దగ్గరా కొంచెం కొంచెంగా చెబుతూ వచ్చారు. మనం తిన్న అన్నాన్నీ పీల్చిన గాలినీ కణానికి పనికొచ్చే శక్తిగా మార్చేవి ఈ మైటోకాండ్రియాలే. అందుకని ఎక్కువ శక్తి ఖర్చుపెట్టే చోటే ముందు చీకటవుతుంది: కంటి నరం, చెవి, గుండె, కండరం, మెదడు. అంతటితో వాటి పని అయిపోదు. పాడైన కణం ఎప్పుడు తప్పుకోవాలో తేల్చడంలో కూడా వాటి చెయ్యి ఉంటుంది. అందుకే క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లూ, వణుకుడు జబ్బు మీద పనిచేసేవాళ్లూ, గుండె మీద పనిచేసేవాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు వీటి గుమ్మం ముందుకు రావలసిందేనని మేడమ్ కొంచెం గర్వంగా చెప్పేవారు. మరో విచిత్రం, వాటికి సొంతంగా ఒక చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. కణం నడిబొడ్డున ఉండే పెద్ద డీఎన్‌ఏ అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే, ఈ చిన్నది అమ్మ నుంచి మాత్రమే వస్తుంది. ఇది పుస్తకంలో నేనూ చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. మనుషుల మధ్య ఆ ఒక్క వాక్యం ఎంత బరువుగా ఉంటుందో నరేష్ వాళ్ల ఇంటికి వెళ్లాకే తెలిసింది.

నరేష్ కొత్తగూడెం వైపు బొగ్గు గని కార్మికుల కాలనీ కుర్రాడు. ఐటీఐ చదివి, పనిలో చేరబోతుండగా ఒక కన్ను మసకబారింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కొన్ని నెలల్లో రెండో కన్ను కూడా అదే దారి పట్టింది. చూపుకు నడిమధ్యలో చిల్లు పడ్డట్టు, చుట్టుపక్కల గోడలూ చెట్లూ కనిపించేవి, ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రం కనిపించేది కాదు. అద్దాలు మార్చారు, దిష్టి తీయించారు, ఎవరో చేతబడి అన్నారు. చివరికి ఒక కంటి డాక్టరు మా దగ్గరికి పంపితే, హైదరాబాద్ పరీక్షలో మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉన్నట్టు తేలింది. పోయిన చూపు తెప్పించే మందు అప్పటికి మా చేతిలో లేదు. కానీ ఆ తేడా ఉన్న వాళ్లందరికీ చూపు పోదు, చాలామందికి ఎన్నటికీ పోదు. పొగాకు, మందు ముట్టేవాళ్లకు ముప్పు ఎక్కువ. అంటే అదే వరసలో ఉన్న మిగతా వాళ్లకు ముందుగా చెప్పగలిగితే, కనీసం ఆ ఒక్క పని వాళ్ల చేతిలో ఉంటుంది. ఇంకెవరి చూపూ పోకముందే వాళ్లను వెతికి పట్టుకోవాలని మేడమ్ పంతం. అందుకని నరేష్ పెదనాన్న రాజమల్లుకు ఫోన్ చేసి, "మీ ఇంటోళ్లందర్ని ఒకకాడికి పిలువుండ్రి, మేమొచ్చి రక్తం తీస్కుంటం" అని చెప్పారు.

రాజమల్లు గనిలో పనిచేసి రిటైరైన మనిషి, మాటంటే మాట. మేం వెళ్లేసరికి కాలనీలో షామియానా వేసి ఉంది. మంచిర్యాల నుంచి, భూపాలపల్లి నుంచి జీపుల్లో జనం దిగారు. కుర్చీల్లో వరసగా చొక్కా చేతులు మడుచుకుని మగవాళ్లు, వాళ్ల కొడుకులు, వాళ్ల మనవలు. వెనకాల గాడిపొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. "మా ఇంటిపేరోళ్లు ఒక్కలు గూడ తప్పలే మేడమ్" అన్నాడు రాజమల్లు మీసం సవరించుకుంటూ. నేను సంబరంగా సూదుల పెట్టె తెరిచాను. మేడమ్ మాత్రం అటూ ఇటూ చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడి గట్టు మీద కూర్చుండిపోయారు. ఏమైందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక నేనూ సూదుల పెట్టె మూసేశాను. వచ్చినవాళ్లందరూ తండ్రి వైపు వాళ్లు. మా ప్రాంతంలో 'ఇంటోళ్లు' అంటే ఇంటిపేరు వాళ్లే కదా! పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలు లెక్కలోకి రారు, కోడళ్ల పుట్టింటి వాళ్ల మాటే లేదు. అంతమందిలో మాకు పనికొచ్చే రక్తం ఒక్క చుక్క లేదు.

మేడమ్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లారు. నరేష్ వాళ్ల అమ్మ కనకమ్మ అక్కడ గరిటె తిప్పుతోంది. "మీ వాళ్లెవరూ రాలేదా కనకమ్మా?" అని అడిగితే ఆమె అయోమయంగా చూసి, "నా వాళ్లెందుకు డాక్టరమ్మా, నేను ఈ ఇంటి మనిషినే గదా" అంది. మేడమ్ వెనక్కి వచ్చి అందరి ముందూ చేతులు జోడించారు. "తప్పు నాది. ఇంటోళ్లు అన్న. తల్లి వైపోళ్లు అనాలె. మీ రక్తం ఈ పనికి అక్కర్లేదు." రాజమల్లు ముఖం ఎర్రబడింది. "ఏంది మేడమ్, మా రక్తం పనికి రాదా?" అన్నాడు. అతన్ని ఎవరో తూలనాడినట్టే ఉంది. "మీ రక్తం బంగారం రాజమల్లన్నా, గానీ ఈ రోగం వచ్చిన దారి ఇటు కాదు. నువ్వు గనిల టోపీకి లైటు పెట్టుకున్నవ్, నడుముకు బ్యాటరీ కట్టుకున్నవ్. లైటు మంచిగుండి బ్యాటరీ దిగితే?" "గుడ్డి దీపమైతది" అన్నాడతను. "నరేష్ కండ్లు మంచిగనే ఉన్నయ్. కంటి నరానికి బ్యాటరీ సాల్తలేదు. ఆ బ్యాటరీలు మనకు అమ్మ కడుపులనే వస్తయ్. నాయన దిక్కు నుంచి రావు." రాజమల్లు మెల్లగా తలూపాడు. గనిలో దీపం మసకబారడమంటే ఏమిటో అతనికి మేం చెప్పాలా.

అంతలో అతని భార్య వెనకనుంచి, "అంటే మా ఇంటికి ఈ రోగం కనకమ్మే తెచ్చిందా?" అంది. కనకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేనైతే ఏదో ఒకటి చెప్పి సర్దేసేదాన్ని. మేడమ్ వెళ్లి కనకమ్మ పక్కన నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఆమె నుంచే వచ్చింది. అబద్ధం చెప్ప" అన్నారు. "మరి నువ్వు నడిచేది, నవ్వేది, గిప్పుడు గీ మాట అన్నది గూడ మీ అమ్మ ఇచ్చిన బ్యాటరీతోనే అక్కా. ఎవరమ్మ ఏరి ఇచ్చింది? కనకమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్లమ్మ. నరేష్ గింత ఎత్తు పెరిగిండు, కబడ్డీ ఆడిండు, అదంత గూడ కనకమ్మ ఇచ్చిందే. దానికి ఎన్నడన్న ఆమె పేరు చెప్పిండ్రా?" అప్పుడు కుర్చీలోంచి నరేష్, "అమ్మా, ఏడుస్తున్నవా? నాకు నీ మొకం కనవడ్తలేదు, నువ్వే చెప్పు" అన్నాడు. కనకమ్మ పరుగున వెళ్లి వాడి తలను కడుపుకు ఆనించుకుంది. రాజమల్లు భార్య కూడా పైట కొంగుతో కళ్లొత్తుకుని, పొయ్యి మీద కూర మాడకుండా తానే వెళ్లి గరిటె అందుకుంది. ఆ పూట మేం రక్తం తియ్యలేదు గానీ భోజనం మాత్రం అందరితో కలిసి కడుపునిండా తిన్నాం.

మేం బయల్దేరుతుంటే కనకమ్మ జీపు దగ్గరికి వచ్చింది. తనకు ఒక చెల్లెలుందని, పేరు సుగుణ అని, ములకలపల్లి అవతల అడవి అంచు ఊళ్లో ఉంటుందని చెప్పింది. చెల్లెలు తనకు నచ్చిన కోయ కుర్రాణ్ని పెళ్లి చేసుకుని వెళ్లినప్పటి నుంచి పుట్టింట్లో ఆమె పేరు ఎత్తడం మానేశారట. అమ్మ చనిపోయినప్పుడు కూడా కబురు పెట్టలేదట. "దానికి ఒక కొడుకు, ఒక బిడ్డ ఉన్నరని విన్న. కొడుకు ట్రాక్టర్ నడుపుతడట. నా కొడుకు లెక్కనే వానికైతే?" అని ఆగిపోయింది. మేడమ్ ఆమెను జీపు ఎక్కించుకోవడానికి అప్పుడే సిద్ధపడ్డారు. ఇంట్లో అడిగి, ఆ వారంలోనే కనకమ్మ మాతో వచ్చింది.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చింతపండు కాలం. సుగుణ ఇంటి ముందు పరిచిన పరదా పట్టా మీద కాయలు కుప్పపోసి ఉన్నాయి, ఆమె ఒక రాయి ముందు కూర్చుని గింజలు కొడుతోంది. అక్కను చూసి లేవలేదు. "గిన్నేండ్లకు గుర్తొచ్చిన్నా? అమ్మ పోయిందని మందితోని తెల్సుకున్న నేను" అంది. కనకమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. నాకు లోపల ఒకటే కంగారు, జీపులో ఐసు కరిగిపోతోంది, సాయంత్రం బస్సుకు సీసాలు ఎక్కించాలి. మేడమ్ చెవిలో ఆ మాట అంటే, "ఐసు కరిగితే మళ్ల కొందం. ఊకో" అని, ఆవిడా ఒక రాయి తీసుకుని సుగుణ ఎదురుగా కూర్చుని చింతకాయలు కొట్టడం మొదలుపెట్టారు. కనకమ్మా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చాలాసేపు రాళ్ల చప్పుడే వినబడింది. ఎప్పటికో సుగుణ తలెత్తకుండా, "నరేష్ ఎట్లున్నడు?" అంది. అంటే అక్క కొడుకు పేరు ఆమెకు తెలుసు! కనకమ్మ చేతిలో రాయి పక్కన పెట్టేసి బావురుమంది. తర్వాత అక్కాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో సగం అర్థమైంది, సగం ఏడుపులో కొట్టుకుపోయింది.

పొద్దు వాలాక సుగుణ కొడుకు రవి ట్రాక్టరు దిగి, చెవి వెనకాల బీడీతో వచ్చాడు. మేడమ్ అతనికి నింపాదిగా అంతా చెప్పారు. అక్షరం తేడా అతనికీ ఉండే ఉంటుందని, చూపుకు ఏమీ కాకపోవచ్చునని, అయినా బీడీ, మందు మాత్రం అతని చేతిలోని పనేనని. రవి మొదట నవ్వాడు. పెద్దమ్మ కొడుకు కథ విన్నాక నవ్వడం మానేశాడు. "నాకు పెండ్లైతే నా పిల్లలకు గూడ వస్తదా?" అని అడిగాడు. "రాదు. మగోని నుంచి కిందికి పోదు" అన్నారు మేడమ్. అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు, చెవి వెనకాల బీడీ తీసి వాకిట్లోకి విసిరేశాడు. అందరం కొంచెం తేలికపడ్డాం. అప్పుడు గడప దగ్గర నిలబడి ఉన్న అతని చెల్లెలు జ్యోతి, అప్పటికి పదో తరగతి చదువుతున్న పిల్ల, "మరి నా పిల్లలకు?" అంది.

మేడమ్ జ్యోతిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నీ నుంచి పోతది బిడ్డా. వాళ్ల చూపుకు ఏమైనా అయితదా, కాదా అంటే నాకు తెల్వదు. ఎవరికీ తెల్వదు" అన్నారు. జ్యోతి ఏడ్చింది. మేడమ్ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. చీకటి పడింది, డ్రైవరు హారన్ కొట్టాడు, అయినా కదల్లేదు. చివరికి జ్యోతే కళ్లు తుడుచుకుని, ఈ జబ్బు మీద ఎవరన్నా పనిచేస్తున్నారా అని అడిగింది. అప్పుడు మేడమ్ గొంతులోకి హుషారు వచ్చింది. కంటిలోకే మంచి జన్యువును పంపే ప్రయత్నాల గురించి, తల్లి అండంలో మైటోకాండ్రియాను మార్చి ఇంకొకరివి పెట్టే పద్ధతి గురించి, ఆ పిల్లకు అర్థమయ్యేలా చాలాసేపు చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు నాకు కోపం ఆగలేదు. "చిన్నపిల్ల మేడమ్, ఏం కాదులే అని ధైర్యం చెబితే ఏం పోయేది?" అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉత్త ధైర్యం చెప్తే, అది ఉత్తదని తెలిసిన నాడు మనం ఆమె పక్కకు ఉండం స్వరూపా. తెల్వదని చెప్పు. చెప్పినంక జల్దీ లేవకు" అన్నారు. ఆ దారంతా నేను అలిగే కూర్చున్నాను.

మళ్లీ కొన్న ఐసులో వెళ్లిన సుగుణ, రవి, జ్యోతి రక్తాల్లో కూడా అదే అక్షరం తేడా తేలింది. రవి బీడీ మానేశాడు. మందు మానడానికి ఇంకొంత కాలం పట్టింది, కనకమ్మ నెలనెలా వెళ్లి తిట్టి వచ్చేది. అతను ఇప్పటికీ ట్రాక్టరు నడుపుతున్నాడు. మానడం వల్ల చూపు నిలిచిందో, ఎలాగూ నిలిచేదో చెప్పలేం, మేడమ్ కూడా ఆ గొప్ప ఎన్నడూ తన ఖాతాలో వేసుకోలేదు. నరేష్‌కు ఒక కంట్లో నడిమధ్యన కొద్దిగా చూపు దానంతటదే తిరిగొచ్చింది. కాలనీలో పిండిగిర్నీ పెట్టాడు, పిండి మెత్తదనం వేళ్లతో చూసి చెబుతాడు, ఫోను చేత చదివించుకుంటాడు. మేడమ్ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా నన్ను పక్కన కూర్చోబెట్టి కొత్తగా వచ్చిన పరిశోధన వ్యాసాలు చదివించుకున్నారు. ఆ రెండు గదుల విభాగం ఇప్పుడు నా చేతుల్లో ఉంది. ఆవిడ లేని లోటు నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

పోయిన నెల జ్యోతి ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు ఊళ్లో పిల్లలకు చదువు చెబుతోంది. పెళ్లి మాటలప్పుడే అత్తింటి వాళ్ల ముందు కూర్చుని అంతా తానే చెప్పిందని సుగుణ ద్వారా విన్నాను. పురిటికి పుట్టింటికి వచ్చిందట, ఆడపిల్ల పుట్టిందట, రమ్మంది. వెళ్లాను. బాలింత గదిలో వేపాకు, సాంబ్రాణి వాసన. జ్యోతి కుశల ప్రశ్నలేవీ వెయ్యలేదు. "అక్కా, పాపకు ఏమన్న అయితదా?" అంది. నాకు చెప్పడానికి చాలా ఉంది. ఆ పరిశోధనలు ముందుకు పోతున్నాయని, కొందరి కళ్లకు మేలు కనిపించిందని, అందరికీ కనిపించలేదని, పాప పెద్దయ్యేసరికి ఇంకెంతో తెలుస్తుందని చెప్పాను. అన్నీ విని, ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. "పాపకు అయితదా కాదా అంటే, నాకు తెల్వదు జ్యోతీ" అన్నాను. గోడ అవతల రవి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కాసేపటికి జ్యోతి పక్కబట్టలోంచి పాపను తీసి నా ఒడిలో పెట్టి, "పట్టుకో అక్కా, నాకు నిద్రొస్తుంది" అని అటు తిరిగి పడుకుంది. పాప కళ్లు తెరిచింది. ఆ కళ్లు దీపం వైపు చూసి, తర్వాత ఎక్కడెక్కడో తిరిగి, నా ముఖం మీద ఆగాయి. చూసినంతసేపు చూడనీ అని, కాలు కూడా కదపకుండా అక్కడే కూర్చున్నాను.